ఇమ్మీడియెట్లీ స్వామిదాసు

ఎల్లారెడ్డి ముసాఫిర్ బంగ్లా ఖాన్సామా స్వామిదాసుకు వచ్చిన విద్య మాట్లాడటం ఒక్కటే. వంట కూడా వచ్చని చెప్పేవాళ్ళున్నారు గానీ, ఆ వంట తిన్నవాళ్ళెవరూ ఆ మాట అన్నట్టు దాఖలా లేదు. మాట్లాడటమంటే ఆషామాషీ మాట్లాడటం కాదు. గలగలా, గడగడా, లొడలొడా, ధారాళంగా, తెరిపి లేకుండా అని వాగేవాళ్ళ కోసం మన తెలుగులో బోలెడు మాటలున్నాయి. స్వామిదాసుకు అవేవీ సరిపోలేదు. ఇంగ్లీషు నుంచి మరికొన్ని తెచ్చుకున్నాడు.

తెచ్చుకున్నవన్నీ ఒక్క జాతివే. చివర ‘లీ’ ఉండాలి, అంతే. నిజాంసాగర్ కట్ట కట్టే రోజుల్లో ఒక ఇంజనీరు దొర దగ్గర చాలా ఏళ్ళు వంటింట్లో పనిచేశాడు. కట్ట పూర్తయింది, దొర ఓడెక్కి వెళ్ళిపోయాడు, స్వామిదాసుకు ఈ ‘లీ’లు మిగిలాయి. ఇమ్మీడియెట్లీ, కేర్‌ఫుల్లీ, ప్రాపర్లీ, డెఫినెట్లీ, కంప్లీట్లీ, అబ్సల్యూట్లీ. ఇలాంటి ‘లీ’లు తప్ప ఇంకొక్క ఇంగ్లీషు ముక్క రాదు. నీళ్ళను ఆ భాషలో ఏమంటారో తెలియదు గానీ, నీళ్ళు ఎలా తేవాలో మాత్రం ఆరు రకాలుగా చెప్పగలడు.

“అక్కా, నీ బర్రె డెఫినెట్లీ మా తోటలకొచ్చింది. పాలకూర కంప్లీట్లీ మేసింది. నేనేమన్న అన్ననా? ఏం అనలే. స్లోలీ, కేర్‌ఫుల్లీ తోలుకొచ్చిన. ఇగ ఇమ్మీడియెట్లీ కట్టేస్కో!” ఇదీ వరస. బర్రె గురించి మొదలైన ఈ ముచ్చట దొరగారి కుక్క మీదుగా, దొరసాని గొడుగు మీదుగా తిరిగి తిరిగి, ఎండ ఎక్కిన తర్వాత మళ్ళీ బర్రె దగ్గరికి వచ్చేది. అప్పటికి ఆ బర్రె రెండోసారి తోటలో పడి మేస్తూ ఉండేది.

అతని మాటల్లోకెల్లా ఘనమైనది ‘అన్‌ఫార్చునేట్లీ’. పై అధికారుల ముందు దొర ఈ మాట అనేటప్పుడు తల కాస్త వంచి, గొంతు తగ్గించి అనేవాడట. కాబట్టి అది గొప్ప మర్యాద మాట అని స్వామిదాసు నిశ్చయించుకున్నాడు. ఎల్లారెడ్డికి కొత్త తహసీల్దారు వచ్చి బంగ్లాలో దిగినప్పుడు చాయ్ ముందు పెట్టి, తల వంచి, “అన్‌ఫార్చునేట్లీ తమరు మా ఊరికి దయచేసిండ్రు” అన్నాడు. తహసీల్దారుకు ఇంగ్లీషు వచ్చు. అప్పటికే ఆయన బదిలీ కోసం అర్జీ పెట్టుకుని ఉన్నాడు. కప్పు కింద పెట్టి కాసేపు ఆలోచించి, “సచ్ బోలా” అని నిట్టూర్చాడు. నిజమే చెప్పావన్నాడు కదా అని స్వామిదాసు పొంగిపోయి, ఆ మాటను ఊళ్ళో ఇంకా విరివిగా వాడటం మొదలుపెట్టాడు.

బంగ్లాకు కావలసిన చాయ్‌పత్తా, చక్కెర తేవటానికి అప్పుడప్పుడూ కామారెడ్డి వెళ్ళేవాడు. అక్కడ ఒకసారి స్టేషన్లో ఆగిన రైలు కిటికీ దగ్గర నిలబడి ఎవరో ముక్కూమొహం తెలియని ప్రయాణికుడికి దొరగారి గుర్రం కథ చెబుతున్నాడు. గుర్రం కాలువలో పడేచోట రైలు కూత వేసింది. కథ మధ్యలో ఆపటం మర్యాద కాదని స్వామిదాసు కూడా రైలెక్కాడు. టికెట్ అడగటానికి వచ్చినాయన గుర్రం పైకి వచ్చిందా లేదా తెలుసుకోవాలని పక్కనే కూర్చుండిపోయాడు. గుర్రం పైకి వచ్చేసరికి రైలు ఉప్పల్‌వాయి చేరింది. స్వామిదాసు దిగి, పట్టాల వెంబడి నడుచుకుంటూ కామారెడ్డికి తిరిగి వచ్చాడు. దారిలో బర్రెలు కాసేవాళ్ళకు అదే కథ చెప్పాడు. ఎల్లారెడ్డికి తిరిగి వచ్చేటప్పుడల్లా బస్సు డ్రైవర్ పర్శరాములు ఆ వాగుడు పడలేక అతన్ని బస్సు పైన సామాన్ల మధ్య కూర్చోబెట్టేవాడు. స్వామిదాసు అక్కడినుంచి బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, కిటికీలోంచి మాట్లాడేవాడు.

లోకమంతా ఇలా అప్పుడప్పుడూ భరించిన మనిషిని రోజూ భరించినది పొరుగింటి హన్మవ్వ. ఆవిడ పెరడుకూ బంగ్లా తోటకూ మధ్య ఛాతీ ఎత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ ఒకచోట స్వామిదాసు మోచేతులకు అరిగి పల్లం పడింది. హన్మవ్వది నేతపని చేసే ఇల్లు. మొగుడు పోయాక కొడుకు బాలమల్లు మగ్గం నడుపుతున్నాడు. మగ్గం చప్పుడులో బాలమల్లుకు ఏదీ వినిపించేది కాదు. అంతా హన్మవ్వకే వినిపించేది.

అందుకే కొడుక్కు పిల్లను వెతికేటప్పుడు హన్మవ్వ ఒకే ఒక్క గుణం చూసింది. పిల్ల మాట్లాడకూడదు. లింగంపేటలో ఆడబిడ్డ భూదవ్వకు ఈడొచ్చిన కూతురుంది, మేనరికం, అడగకుండానే ఇస్తామన్నారు. హన్మవ్వ ససేమిరా అంది.

“ఎందుకొద్దు వదినె? నా బిడ్డకేం తక్కువ?” అని భూదవ్వ నిలదీసింది.

“ఏం తక్కువ లేదు, నోరే ఎక్కువ. ఒక చెవికి స్వామిదాసు, ఇంకో చెవికి నీ బిడ్డ. నాకున్నయి రెండే చెవులు” అంది హన్మవ్వ.

చివరికి మద్నూర్‌లో సంబంధం దొరికింది. పిల్ల పేరు రుక్మాబాయి. తల్లీతండ్రీ లేరు, మేనమామ విఠోబా పెంచాడు. పిల్లను చూడటానికి వెళితే, తల వంచుకుని చాప మీద కూర్చుంది. ఎత్తలేదు. హన్మవ్వ ఏమడిగినా మేనమామే జవాబు చెప్పాడు.

“నీ పేరేంది బిడ్డా?”

“రుక్మాబాయి” అన్నాడు మేనమామ.

“నూలు కండెలు చుట్టుడు వస్తదా?”

“మస్తు చుడ్తది” అన్నాడు మేనమామ.

బండిలో తిరిగి వస్తూ హన్మవ్వ దారిపొడుగునా మురిసిపోయింది. “పిల్ల బంగారం రా బాలమల్లూ! అంతసేపు కూసున్నం, నోరు మెదిపిందా? అదీ సంస్కారమంటె.” పెళ్ళిలో కూడా పెళ్ళికూతురు మాట్లాడదు కదా, అక్కడా ఎవరికీ అనుమానం రాలేదు. కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున “చెంబెడు నీళ్ళు తే బిడ్డా” అంటే, రుక్మాబాయి చక్కగా నవ్వి, లోపలికి వెళ్ళి, చేట తెచ్చి ఇచ్చింది. అప్పుడు తెలిసింది, పిల్లకు మరాఠీ తప్ప తెలుగు ఒక్క ముక్క రాదని. వాళ్ళ తాతలెప్పుడో బతుకుతెరువుకు ఆ పక్కకు వెళ్ళి, తెలుగును దారిలోనే వదిలేశారు. నూలు బేరాల కోసం ఒక్క మేనమామ నేర్చుకున్నాడు. తల వంచుకుని కూర్చున్న పిల్లకు అసలు అడిగినది అర్థమైందా అని చూడాలన్న ఆలోచన ఎల్లారెడ్డివాళ్ళకు ఎవరికీ తట్టలేదు.

“నేర్సుకుంటది తీయ్ అవ్వా” అన్నాడు బాలమల్లు.

రుక్మాబాయి నేర్చుకోవాలనే చూసింది. వారం తిరక్కముందే, కొత్త కోడల్ని చూడటానికి వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నప్పుడు, వంటింట్లోంచి వచ్చి, కూడబలుక్కుని, “అత్తమ్మా, అన్నం ఏడుస్తుంది” అంది. ఉడుకుతుంది అనబోయిందన్నమాట. ఇంకేం, ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది హన్మవ్వే. సాయంత్రానికి వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ అన్నం ఏడ్చింది. ఆ రోజుతో రుక్మాబాయి నోరు మూతపడింది. చెప్పిన పని చేస్తుంది, నవ్వితే నవ్వుతుంది, మాట మాత్రం లేదు.

స్వామిదాసుకు మాత్రం పండగ వచ్చింది. ఇన్నేళ్ళకు “ఇగ చాలు” అనటం చేతకాని శ్రోత దొరికింది. రుక్మాబాయి గోడ వారన కూర్చుని కండెలు చుడుతుంటే, అతను పల్లంలో మోచేతులు పెట్టుకుని మొదలుపెట్టేవాడు.

“ఇగో బిడ్డా, ఇది గంప. గంప కింద కోడి. కోడి స్లోలీ లేస్తది. చూసినవా? గుడ్డు పెట్టింది. ఇది గుడ్డు. నేను గుడ్డును కేర్‌ఫుల్లీ పట్టుకుంట. గుడ్డు ఉడుకుతది. ప్రాపర్లీ ఉడుకుతది. దొర ఇమ్మీడియెట్లీ తింటడు.”

మర్నాడు మళ్ళీ గంప, మళ్ళీ కోడి. ఆ మర్నాడూ అంతే. కాకపోతే ఒకనాడు కోడి గోడెక్కేది, ఒకనాడు బావి దగ్గరికి వెళ్ళేది, ఒకనాడు దానికి జ్వరం వచ్చేది. హన్మవ్వకు పిచ్చెక్కిపోయింది.

“ఓ స్వామిదాసూ! నీకు కథలు ఒడిసినయా? నిన్న గూడ గా కోడే గద?”

“నిన్నటి కోడి వేరు అక్కా. అబ్సల్యూట్లీ వేరు.”

“అయినా దానికి నీ మాటొక్కటి సమజ్ కాదు. ఎవలికి చెప్తున్నవ్?”

“సమజ్ గాకుంటె ఏమైతది? పేషెంట్లీ వింటది గద. నువ్వు ఏనాడన్న పేషెంట్లీ విన్నవా?”

హన్మవ్వ ఒక పుల్ల విసిరేది. అతను తల పక్కకు వంచి, తప్పించుకుని, మళ్ళీ కోడి దగ్గరికి వెళ్ళేవాడు.

నిజం చెప్పాలంటే, కోరి తెచ్చుకున్న నిశ్శబ్దం హన్మవ్వకే కొరకరాని కొయ్య అయింది. కూర బాగుందా అంటే జవాబు లేదు. కాలు నొప్పంటే ఓదార్పు లేదు. పలకని పిల్లతో ఇంట్లో ఉంటే ఆవిడకు ఒంటరిగా ఉన్నట్టే ఉండేది, దిగులేసేది, దిగులేస్తే కోపం వచ్చేది. ఎలాగూ అర్థం కాదు కదా అని ఆ కోపమంతా ఎదురుగానే తీర్చుకునేది. “మొద్దుదానా”, “మద్నూర్ల దొరికిన మట్టిబొమ్మా” అని తిడుతుంటే రుక్మాబాయి కళ్ళు పైకెత్తి చిన్నగా నవ్వేది. హన్మవ్వ ఇంకా మండిపడేది.

సందు దొరికిందని లింగంపేట నుంచి భూదవ్వ దిగింది. “వదినె, పిల్ల మూగది. మోసంజేసి అంటగట్టిండ్రు. నెలలకు నెలలు గడ్సినయి, ఒక్క మాటన్న వచ్చిందా? కులపెద్దను పిలిపించు, తెగదెంపులు చేస్కో. నా బిడ్డ ఉండనే ఉన్నది” అంది. ఇదంతా రుక్మాబాయి వడ్డించిన అన్నం తింటూనే అంది.

హన్మవ్వ కొడుకు వైపు చూసింది. “నీతోనన్న మాట్లాడుతదా రా?”

బాలమల్లు మగ్గం వైపు చూశాడు. “నవ్వుతది” అన్నాడు.

“నవ్వితె కాపురమైతదా?” అంది భూదవ్వ. ఒకటికి పదిసార్లు అంటే ఎంత గట్టి మనసైనా మెత్తబడుతుంది. హన్మవ్వ సరేనంది. ఆ మాట అన్న పూట ఆవిడకు అన్నం సయించలేదు.

కులపెద్ద లస్మయ్య మరో ఇద్దరు పెద్దలతో వచ్చి హన్మవ్వ పెరట్లో చాపల మీద కూర్చున్నాడు. మద్నూర్ నుంచి మేనమామ విఠోబా వచ్చాడు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. కాపురం చెడి తిరిగొచ్చిన పిల్లను మళ్ళీ ఎవరు చేసుకుంటారు? ఆయన ఇంట్లోనే పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారు. అలవాటుగా స్వామిదాసు మోచేతులు గోడ మీదికి వచ్చాయి.

“స్వామిదాసూ, ఇది మా కులపోళ్ళ ముచ్చట. నువ్వు జర నోరు మూస్కో” అన్నాడు లస్మయ్య.

“అబ్సల్యూట్లీ” అని స్వామిదాసు నోరు మూసుకున్నాడు. మూసుకున్నాడు గానీ పోలేదు. మాటలన్నీ గొంతులో అడ్డంపడి అతని మెడ నరాలు ఉబ్బాయి.

భూదవ్వ చెప్పవలసినవన్నీ చెప్పింది. మేనమామ చేతులు జోడించాడు. బాలమల్లు చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు. ఆఖరికి లస్మయ్య గొంతు సవరించుకుని, “ఏం బిడ్డా, ఈడ ఉంటవా, మామెంట పోతవా? తల ఊపితె చాలు” అని చేతులతో సైగ చేసి మరీ అడిగాడు.

రుక్మాబాయి లేచి నిలబడింది. అత్త వైపు చూసింది. గోడ వైపు చూసింది. కొంగు సర్దుకుంది.

“పెద్దబాపూ, నేను డెఫినెట్లీ ఈడనే ఉంట.”

చాపల మీద ఎవరూ ఊపిరి తీయలేదు. రుక్మాబాయి మాత్రం తీసింది, గుండె నిండా తీసుకుని మొదలుపెట్టింది.

“మా అత్తమ్మ చెడ్డది గాదు. నోరే టెర్రిబ్లీ చెడ్డది. పొద్దుగాల లేస్తె తిడ్తది. మొద్దుదానా అన్నది, మట్టిబొమ్మా అన్నది. అన్ని నేను కంప్లీట్లీ విన్న, అన్ని యాదికున్నయి. గాని నేను తినకుంటె తను తినది. నాకు జరమొస్తె నా కాళ్ళకాడ కూసున్నది, తిట్టుకుంటనే కూసున్నది. నాకు జొన్నరొట్టె ఇష్టమని ఎవలు చెప్పిండ్రో, గాంధారి సంత నుంచి జొన్నలు తెప్పించింది. గందుకే అత్తమ్మను ఇడిచి పోను. వీళ్ళ కొడుకును గూడ ఇడిచి పోను. ఆయన క్వయెట్లీ ఉంటడు, మంచోడు. మాటెందుకు రాలేదంటరా? ఒక్కపారి మాట్లాడిన. అన్నం ఏడుస్తుంది అన్న. అందరు నవ్విండ్రు. గానాడు ఏడ్చింది అన్నం గాదు పెద్దబాపూ, నేను.”

హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. రుక్మాబాయి భూదవ్వ వైపు తిరిగింది.

“ఇగ భూదవ్వత్త. నా ముంగటనే మా అత్తమ్మ గురించి వాడకట్టు ఆడోళ్ళతోని ఏమేమన్నదో పర్ఫెక్ట్లీ చెప్త...”

“అయ్యో, లింగంపేట బండి పోతది!” అని భూదవ్వ లేచింది. బండి సాయంత్రానికి గానీ లేదు. అయినా అప్పుడే వెళ్ళిపోయింది.

“చాలు బిడ్డా, సమజైంది. కాపురం జేస్కోండ్రి” అన్నాడు లస్మయ్య, వరద ఆపటానికి చెయ్యెత్తి.

రుక్మాబాయి తల వంచి, గొంతు తగ్గించి, మహా మర్యాదగా, “అన్‌ఫార్చునేట్లీ ఇంకొంచెం ఉన్నది పెద్దబాపూ” అంది. ఆ కొంచెం అయ్యేసరికి పెద్దల కాళ్ళు తిమ్మిరెక్కాయి. మేనమామ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు. బాలమల్లు నోరు తెరుచుకుని పెళ్ళాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు, అందరూ గోడ వైపు చూశారు. అక్కడ స్వామిదాసు లేడు. హన్మవ్వ గోడ దగ్గరికి వెళ్ళింది. అవతల అతని భార్య మరియ పొయ్యి మీద మిరియాల కషాయం కాస్తోంది. మరియ మాట్లాడటం హన్మవ్వ ఎప్పుడూ పెద్దగా వినలేదు. పాపం ఆవిడకు సందెక్కడిది?

“ఏడి మరియా, మీ ఆయన?”

“పండుకున్నడు. అంతసేపు నోరు మూస్కునేసరికి గొంతే పోయింది అక్కా. పలుకుత లేదు. నాలుగు దినాలు మాట్లాడొద్దని చెప్పిన.”

“పిల్లకు ఈ మాటలన్ని తనే నేర్పిండా?”

మరియ కషాయం కలిపింది. “మరెవలు? మీ కోడలొచ్చినప్పటిసంది కొత్త కథ ఒక్కటన్న చెప్పిండా? గా పిల్లకు ఒక్క మాట పట్టువడితె తెల్లారి ఇంకో మాట కలుపుతుండె. నువ్వు మాపటికి నూలు తేనీకి పోయినప్పుడు పిల్లతోని చెప్పిస్తుండె. గా కోడి కథ చెప్పి చెప్పి ఆయనకే ఇసుగొచ్చింది. ఇంటికొచ్చి, ‘మరియా, కోడి పేరెత్తకు’ అంటుండె.”

“నాతోని ఒక్క మాట చెప్తె నేనొద్దంటినా?”

“చెప్తె మీరంత చుట్టు కూసోని, ఏది ఒక్క మాట మాట్లాడు అని మళ్ళ నవ్వుతరన్నడు. ప్రాపర్లీ వచ్చేదాంక ఎవలికి తెల్వొద్దన్నడు.” మరియ పొయ్యి ఎగదోసింది. “దొర కాడ చేరినప్పుడు ఈయన చిన్నోడు అక్కా. గా ఇంట్ల ఈయనతోని కూసోని మాట్లాడినోడు లేడు. తొందరగ తే, మెల్లగ పెట్టు, జాగ్రత్తగ పట్టు. దొర నోట్లకెల్లి ఈయనకు దొరికినయి గవే. గవే మూట గట్టుకొచ్చుకున్నడు. మంచి చెడు అడిగి ఉంటె మంచి చెడు గూడ నేర్సుకునేటోడు.”

హన్మవ్వకు తను విసిరిన పుల్లలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంట్లోకి వెళ్ళి అల్లం, బెల్లం కొంగులో కట్టుకుని తెచ్చి గోడ మీద పెట్టి, “కషాయంల వెయ్యి. జల్ది గొంతు రావాలె” అంది. స్వామిదాసు గొంతు రావాలని ఎల్లారెడ్డిలో ఒక మనిషి కోరుకోవటం అదే మొదటిసారి.

గొంతు వచ్చిన రోజు పొద్దున్నే స్వామిదాసు గోడ దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజుల మాటలు లోపల పేరుకుపోయి ఉన్నాయి. కానీ పెరట్లో అత్తాకోడళ్ళ ముచ్చట జోరు మీదుంది. నెలల తరబడి దాచుకున్నదంతా రుక్మాబాయి కుమ్మరిస్తోంది. మద్నూర్ సంతలో గాజులు, మేనమామ మీసాలు, చిన్నప్పుడు పారిపోయిన మేక. హన్మవ్వ మధ్యమధ్య తిడుతోంది, పొట్ట పట్టుకుని నవ్వుతోంది, “ఆ తర్వాత?” అంటోంది. స్వామిదాసు నోరు తెరిచాడు. సందు లేదు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. మేక అప్పుడే బావి గట్టెక్కింది.

హన్మవ్వ అతన్ని చూసింది. “జర ఆగు బిడ్డా. మీ కాక ఏమో చెప్పనీకి వచ్చిండు.”

“ఏం లేదక్కా” అన్నాడు స్వామిదాసు. “కానీయుండ్రి. మేక ఏమైందో చెప్పనీయి.”

అని గోడ మీద గడ్డం ఆనించి, నోరు మూసుకుని, చెవులదాకా నవ్వుతూ నిలబడ్డాడు. లోపలినుంచి మరియ చాయ్ చల్లారిపోతోందని పిలిచింది. కాసేపటికి మళ్ళీ పిలిచింది. అతను వెనక్కి చూడకుండానే, “ఉండవే, వింటున్న” అని చెయ్యి ఊపాడు.